'మార్బిడ్' అంటే జబ్బా, దిగులా? మా పాప వ్యాసం మీద టీచరు రాసిన ముక్క

మధురవాడ_నాన్న
మా పెద్దది తొమ్మిదో తరగతి. ఇంగ్లీషులో 'నాకు నచ్చిన చోటు' అని వ్యాసం రాయమన్నారట. క్లాసులో అందరూ ఆర్కే బీచ్, కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం రాస్తే ఇది భీమిలిలో డచ్చివాళ్ళ సమాధుల గురించి రాసింది. సంక్రాంతికి మా బావమరిది తీసుకెళ్ళి చూపించాడు, అప్పట్నుంచి అదే లోకం. పుస్తకం తిరిగొచ్చేసరికి పేజీ చివర ఎర్ర సిరాతో 'టూ మార్బిడ్!' అని ఉంది. 20కి 11.

ఇక ఇంట్లో రచ్చ. మా నాన్నగారు రిటైరైన కాంపౌండరు. ఆయన లెక్కలో మార్బిడ్ అంటే జబ్బు, ఆసుపత్రి కాగితాల మీద ఆ మాట చూసిచూసి ఉన్నారు. "పిల్లకి ఏదో ఉందని టీచరమ్మ కనిపెట్టింది, నువ్వేం చేస్తున్నావురా" అని నా మీద పడ్డారు. మా ఆవిడ ఫోన్లో చూసి "దిగులుగా ఉందని అర్థం, అంతేనండీ" అంటుంది. మా అమ్మ ఇద్దరి మాటా వినకుండా దిష్టి తీసేసింది. నిన్న హిమోగ్లోబిన్ టెస్టు కూడా అయింది (12.2, బానే ఉంది).

ఇంతకీ జబ్బా, దిగులా? ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? టీచరు తిట్టినట్టా, సలహా ఇచ్చినట్టా?

కంచరపాలెం_కుర్రోడు
సమాధుల మీద రాసి 11 తెచ్చుకుందంటే గొప్పే బాబూ. నాను కైలాసగిరి మీద రాసి 6 తెచ్చుకున్నాను.

గౌరి_గాజువాక
మీ ఆవిడే రైటు. ఎప్పుడూ చావులు, శవాలు, స్మశానాలు అని మాట్లాడేవాళ్ళని అలా అంటారు. శుభం పలకరా పెళ్ళికొడకా అంటే ఏదో అన్నాడని సామెత ఉంది కదా, ఆ పెళ్ళికొడుకు మార్బిడ్.

పాత_నిఘంటువు
ఇద్దరూ రైటే, కాకపోతే మీ నాన్నగారిది పాత రైటు.

లాటిన్‌లో 'మోర్బుస్' అంటే జబ్బు. దాన్నుంచి 'మోర్బిడుస్', జబ్బుపడిన అని. ఇంగ్లీషులోకి 1650ల్లో వచ్చినప్పుడు అది అచ్చంగా వైద్యుల మాట. ఒంట్లో చెడిపోయిన భాగానికి వాడేవారు. 1793లో మాథ్యూ బెయిలీ అనే స్కాట్లండు వైద్యుడు జబ్బుపడిన అవయవాలు ఎలా ఉంటాయో వివరిస్తూ పుస్తకం వేశాడు, దాని పేరులోనే 'మార్బిడ్ అనాటమీ' ఉంది. ఇప్పుడు మనం పాథాలజీ అంటున్నదానికి చాలాకాలం ఆ పేరే నడిచింది. అందులో దిగులూ లేదు, ఏడుపూ లేదు. కాలేయం మార్బిడ్ అంటే అది పాడైందని, అది విచారంగా ఉందని కాదు.

19వ శతాబ్దం వచ్చేసరికి ఒంటి మాట మనసుకి ఎక్కింది. ఆలోచన ఉండాల్సిన దానికంటే ఎక్కువైతే, ఒకే చీకటి చోట తిరుగుతుంటే, అదీ ఒక జబ్బులాంటిదేనని ఈ మాట వాడటం మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి చావు మీద, భయంకరమైన వాటి మీద ఆసక్తి అనే అర్థం బలపడింది. మీ టీచరు వాడింది అది.

బందరు_లడ్డు
మార్చురీ, మోర్టాలిటీ కూడా దీని చుట్టాలేనా? మోర్, మోర్ అని వినపడుతోంది.

పాత_నిఘంటువు
@బందరు_లడ్డు ఆ రెండూ చావు మాటలు. లాటిన్ 'మోరి' అంటే చచ్చిపోవడం. అది మన మరణం, మృతి, మర్త్యుడు మాటలకి సొంత చుట్టం, సంస్కృతం 'మృ' ధాతువూ అదీ ఒకే మూలం. మోర్బుస్ కూడా ఆ ఇంటి పిల్లేనని కొందరు పండితులు, లేదు ఎక్కడో బయటి భాషలోంచి వచ్చిందని కొందరు. ఆ తగువు తెగలేదు.

అసలైన చుట్టం కావాలంటే 'మార్ట్‌గేజ్'. పాత ఫ్రెంచిలో 'చచ్చిన తాకట్టు' అని.

మధురవాడ_నాన్న
ఇంటి లోను ఇంకా 14 ఏళ్ళుంది. నాకు ఆ వ్యుత్పత్తి ఎవరూ చెప్పక్కర్లేదు.

డ్యూటీ_డాక్టర్
నాన్నగారి తరఫున నేను కూడా ఒక ఓటు వేస్తున్నాను. మా దగ్గర ఇవాళ్టికీ పాత అర్థమే. మోర్టాలిటీ అంటే ఎంతమంది పోయారు, మార్బిడిటీ అంటే ఎంతమంది జబ్బుపడ్డారు. రెండూ పక్కపక్కనే చెప్పుకుంటాం. ఒక జబ్బుతో పాటు ఇంకోటి ఉంటే కో-మార్బిడిటీ. ఆ మాట పెట్టింది ఆల్వన్ ఫైన్‌స్టీన్ అనే అమెరికన్ డాక్టరు, 1970లో. యాభై ఏళ్ళు మా పుస్తకాల్లో నిద్రపోయి, కోవిడ్ టైములో ఒక్కసారిగా పేపర్లకీ టీవీలకీ ఎక్కింది.

అప్పుడు నేను హౌస్ సర్జన్ని. ఒక పెద్దాయన బంధువులకి "కో-మార్బిడిటీస్ ఉన్నాయండీ, షుగరూ బీపీ" అని చెప్పాను. వాళ్ళమ్మాయి "కోమాలోకి వెళ్ళిపోనాడా బాబూ!" అని అక్కడే కూలబడిపోయింది. లోపల పెద్దాయన ఇడ్లీ తింటున్నాడు. ఆరోజు నుంచి ఆ మాట నోటితో అనను. "షుగరు కూడా ఉంది" అంటాను, అంతే.

కంచరపాలెం_కుర్రోడు
మా మావయ్య రిపోర్టులో 'మార్బిడ్ ఒబేసిటీ' అని రాసీసేరు. ఆయనంత సరదా మనిషి కంచరపాలెం మొత్తం మీద లేడు. పెళ్ళిళ్ళలో డాన్సు మొదలెట్టేది ఆయనే. దిగులేటి ఆయనకి?

డ్యూటీ_డాక్టర్
@కంచరపాలెం_కుర్రోడు అక్కడా దిగులు కాదు, జబ్బు అర్థమే. బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 40 దాటితే ఆ మాట రాసేవాళ్ళు. ఒళ్ళు జబ్బులు తెచ్చిపెట్టే స్థాయికి పెరిగిందని. ఇప్పుడు 'క్లాస్ 3' అని రాయడం ఎక్కువైంది, పేషెంట్లు నొచ్చుకుంటున్నారని. మావయ్యని డాన్సు ఆపొద్దని చెప్పు.

గౌరి_గాజువాక
చరిత్ర అంతా బాగుంది కానీ, ఈ రోజున జనం ఏ అర్థంలో వాడుతున్నారో అదే అర్థం. టీచరమ్మ లాటిన్ చదివి ఎర్ర పెన్ను తీయలేదు కదా. దిగులు అంటే దిగులు. సాగదీయకండి.

పాత_నిఘంటువు
@గౌరి_గాజువాక అక్కడే నేను ఒప్పుకోను. దిగులుకి ఇంగ్లీషులో మాటలు తక్కువా? శాడ్ ఉంది, గ్లూమీ ఉంది, మెలాంకలీ ఉంది. వ్యాసం మీద 'శాడ్' అని రాసుంటే ఆ పిల్ల బాగా రాసిందని మెచ్చుకున్నట్టుండేది. 'మార్బిడ్' అంటే మెచ్చుకోలు కాదు. నీ దిగులు ఆరోగ్యమైనది కాదు అని తీర్పు చెప్పడం. ఆ మాట అన్నవాళ్ళు డాక్టరు కుర్చీలో కూచుంటారు, విన్నవాళ్ళు పేషెంటు బల్లెక్కుతారు. తాతగారు ఉలిక్కిపడ్డారంటే ఆ మాటలో ఆసుపత్రి వాసన ఇంకా పోలేదు కాబట్టే.

మెలాంకలీ కథ దీనికి తలకిందులు. అదీ జబ్బు పేరుగానే పుట్టింది. గ్రీకులో 'మెలాస్' నలుపు, 'ఖోలే' పిత్తం. ఒంట్లో నాలుగు రసాలుంటాయి, వాటిలో నల్ల పిత్తం ఎక్కువైతే మనిషి దిగులుపడిపోతాడు అని వాళ్ళ వైద్యం. ఇప్పుడు ఆ మాటలో జబ్బు కరిగిపోయి తీపి మిగిలింది. సాయంత్రం పూట వాన చూస్తూ మెలాంకలీ అని చెప్పుకోవచ్చు. మార్బిడ్ అని ఎవరూ తమ గురించి ముద్దుగా చెప్పుకోరు.

సీతమ్మధార_శాస్త్రి
పిత్తం అన్నారు కాబట్టి. వాళ్ళకి పిత్తం నల్లబడితే విచారం. మనకి పిత్తం ముదిరితే పైత్యం! అదే పదార్థం, వాళ్ళు ఏడిచారు, మనవాళ్ళు పిచ్చి వేషాలు వేశారు.

బందరు_లడ్డు
మన గ్రూపులో సగం మందికి రెండోదే.

సీతమ్మధార_శాస్త్రి
ఇంకోటి. మొహం మాడ్చుకుని ఉండే మనిషిని ఇంగ్లీషులో 'శాటర్నైన్' అంటారు, శాటర్న్ నుంచి. శాటర్న్ అంటే మన శనే. శని చూపు పడినవాడు మందంగా, ముభావంగా ఉంటాడని అక్కడి జ్యోతిష్కులూ అన్నారు, ఇక్కడివాళ్ళూ అన్నారు. మన శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడు. ఆకాశాన్ని ఒక చుట్టు చుట్టడానికి దాదాపు 29 ఏళ్ళన్నర తీసుకుంటాడు కాబట్టి పేరు సరిపోయింది. ఒక్కో రాశిలో రెండున్నరేళ్ళు, మూడు రాశులకి ఏడున్నర, అదే ఏలినాటి శని.

కంచరపాలెం_కుర్రోడు
మా మేనేజరుకి మాట దొరికీసింది. శాటర్నైన్. తిట్టినట్టు తెలీదు కూడా.

ఓడ_మావ
నేను మర్చంట్ నేవీలో 22 ఏళ్ళు చేశాను. ఈ మాటతో నాకొక అనుభవం ఉంది. జెనోవా రేవులో ఓడ ఆగినప్పుడు తువ్వాలు కొందామని షాపుకెళ్ళాను. అట్ట మీద పెద్ద అక్షరాల్లో 'మోర్బిదో' అని ఉంది. అప్పటికి నాకు తెలిసిన అర్థం జబ్బూ చావూనే. ఈ దేశంలో రోగిష్టి తువ్వాళ్ళు అమ్ముతున్నార్రా అనుకుని పక్కన పెట్టేశాను. ఇంకోటి తీస్తే దాని మీదా అదే. మా చీఫ్ కుక్ ఇటలీవాడు, పడీపడీ నవ్వాడు. ఇటాలియన్‌లో మోర్బిదో అంటే మెత్తన! బట్టలు మెత్తబడ్డానికి నీళ్ళలో కలిపే మందుని కూడా 'అమ్మోర్బిదెంతె' అంటారు.

ఎలా మారిందో ఎవరైనా చెప్తారా?

పాత_నిఘంటువు
@ఓడ_మావ అదే లాటిన్ మాట. జబ్బుపడ్డ మనిషి నీరసంగా, వడిలిపోయి, బలం లేకుండా ఉంటాడు. ఆ వడలడంలోంచి మెత్తదనం వచ్చింది, మెత్తదనంలోంచి సుతిమెత్తన వచ్చింది. బొమ్మలేసేవాళ్ళు ఒంటి రంగులోని సున్నితత్వాన్ని 'మోర్బిదెజ్జా' అని పొగుడుతారు. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు పిల్లలు, ఒకరు ఇంగ్లండు వెళ్ళి దిగాలుపడ్డారు, ఒకరు ఇటలీలో ఉండి తువ్వాళ్ళమ్ముకున్నారు.

డ్యూటీ_డాక్టర్
ఆ తల్లికి మూడో పిల్ల కూడా ఉంది. తట్టు. మధ్యయుగాల లాటిన్‌లో దాని పేరు 'మోర్బిల్లి', చిన్న జబ్బు అని. పెద్ద జబ్బంటే అప్పట్లో ప్లేగు కాబట్టి దాని ముందు ఇది చిన్నది. ఆ వైరస్ జాతికి ఇప్పటికీ మోర్బిల్లివైరస్ అనే పేరు. చిన్నదని తీసిపారేయకండి, పిల్లలకి ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాలు రెండు డోసులూ వేయించండి. ఏదో నా ధర్మం.

ఓడ_మావ
జబ్బుల పేర్లంటే గుర్తొచ్చింది. సుఖరోగాన్ని యూరప్‌లో 'మోర్బుస్ గాలికుస్', ఫ్రెంచి రోగం అన్నారు. ఫ్రెంచివాళ్ళు దాన్ని ఇటలీ మీదకి తోశారు. మనవాళ్ళు అందర్నీ కలిపి ఫిరంగి రోగం అన్నారు.

సీతమ్మధార_శాస్త్రి
అవును, భావప్రకాశం అనే పాత ఆయుర్వేద గ్రంథంలో 'ఫిరంగ రోగం' అనే ఉంది. పక్కవాడి పేరు పెట్టడంలో అన్ని దేశాలూ ఒకటే.

కంచరపాలెం_కుర్రోడు
పాప వ్యాసం కాడ మొదలెట్టి ఏ రోగం కాడికొచ్చేం చూడండి. ఇదేటి మరి మార్బిడ్ కాదా? నాన్నగారూ, ఇదంతా ఎందుకు, పాపనోసారి వాల్తేరు తీసుకెళ్ళీసి రండి, తేలిపోద్ది 😄

చినవాల్తేరు_సిస్టర్
@కంచరపాలెం_కుర్రోడు నేను ఆ వాల్తేరు మానసిక ఆసుపత్రిలోనే, సైకియాట్రీ వార్డులో నర్సుని, 11 ఏళ్ళుగా. వైజాగులో ఎవరేం మాట్లాడినా చివరికి ఈ 'వాల్తేరు పంపించండి' జోకు రావాల్సిందే. మా దగ్గరికి రావలసినవాళ్ళు ఆ జోకు వల్లే ఏడాది ఆలస్యంగా వస్తారు. చీకట్లో వస్తారు, ఆటో గేటుకి అల్లంత దూరంలో ఆపించుకుని దిగుతారు.

కంచరపాలెం_కుర్రోడు
తప్పైపోయింది సిస్టరు గారూ. నిజంగా. ఆలోచించకుండా అనీసేను.

చినవాల్తేరు_సిస్టర్
సరేలే బాబు. అసలు విషయానికి వస్తే, సమాధులంటే ఇష్టపడడం జబ్బు కాదు. పదమూడు పద్నాలుగేళ్ళప్పుడు చావు గురించి ఆలోచన రాని పిల్లలు తక్కువ. మేం చూసేది వేరే. నిద్ర సరిగా ఉందా, తిండి తింటోందా, ఇదివరకు ఇష్టపడేవి మానేసిందా, స్నేహితులకి దూరంగా ఉంటోందా, రెండు వారాలు దాటి అలాగే ఉందా. అలా ఉంటే మటుకు దిష్టితో సరిపెట్టకుండా అడగాలి. 14416కి ఫోన్ చేస్తే టెలి-మానస్‌లో (మనసు బాగోలేనివాళ్ళకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం) తెలుగులోనే మాట్లాడతారు.

చాక్‌పీస్_రాణి
నేనూ ఇంగ్లీషు టీచర్నే (ఆ స్కూలు కాదు!). రాత్రి అన్నాలయ్యాక 45 పుస్తకాలు ముందేసుకుంటే చేతికొచ్చిన మొదటి మాట రాసేస్తాం. శాపం పెట్టాలని కాదు. కానీ ఎందుకో చెప్పకుండా ఆశ్చర్యార్థకం కొట్టడం మటుకు తప్పే. ఏ వాక్యం కింద గీత గీసిందో చూడండి, ఆవిడ దేనికి ఉలిక్కిపడిందో తెలుస్తుంది.

మధురవాడ_నాన్న
చూశాను. చివరి వాక్యం కింద రెండు గీతలున్నాయి. దాని అర్థం ఇది: 'ఇక్కడ పడుకుంటే రోజంతా సముద్రం వినిపిస్తుంది, బడి గంట మాత్రం వినిపించదు.'

ఓడ_మావ
అబ్బ! ఏం రాసిందండీ.

గౌరి_గాజువాక
బడిని అంది కాబట్టి టీచరుకి మండింది. ఇది లాటినూ కాదు, దిగులూ కాదు. మార్కులు 15 ఉండాల్సింది.

చాక్‌పీస్_రాణి
@గౌరి_గాజువాక నేనైతే 16 వేసి, మర్నాడు పిల్లని స్టాఫ్ రూముకి పిలిచి 'ఏంటమ్మా బడి గంటతో నీకు గొడవ' అని అడిగేదాన్ని.

చినవాల్తేరు_సిస్టర్
నాకూ ఆ సగమే పట్టింది. సముద్రం సంగతి కాదు, గంట సంగతి. నాన్నగారూ, మందలించినట్టు కాకుండా, ఏదో పని చేసుకుంటూ పక్కన కూచుని అడిగి చూడండి.

బందరు_లడ్డు
ఈలోగా నాదొక పిడకల వేట. డచ్చివాళ్ళని పాత తెలుగులో వలందావాళ్ళు అనేవారు. మా బందరులో వలందపాలెం పేరు అలా వచ్చిందే. భీమిలీ వాళ్ళదే, 1825లో ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పేశారు. పాప వ్యాసంలో ఇది కలిపితే చరిత్ర మార్కులు కూడా వస్తాయి.

సీతమ్మధార_శాస్త్రి
తెలుగులో మార్బిడ్‌కి ఒక మాట కుదరదా అని రాత్రి ఆలోచించాను. 'రుగ్ణ మనస్తత్వం' అని వ్యాసకర్తలు రాస్తారు, కానీ అలా ఎవరూ మాట్లాడరు. అసలు మనకి వ్యాధి ఒక్కటే కాదు, ఆధి కూడా ఉంది. 'ఆధివ్యాధులు' అని జంటగా అంటాం, రెండూ ఒకటే అనుకుని. అమరకోశం ఆధి అంటే మానసీ వ్యథ అని చెప్తుంది. ఒంటిది వ్యాధి, మనసుది ఆధి. ఇంగ్లీషువాళ్ళు ఒంటి మాటని మనసుకి అరువు తెచ్చుకున్నారు, మనవాళ్ళు మొదటే విడివిడిగా పేర్లు పెట్టుకున్నారు. ఆ రెండో పేరు మనం మర్చిపోయాం, అదీ సంగతి.

గౌరి_గాజువాక
శాస్త్రిగారూ, ఆధి అని మా ఇంట్లో అంటే ఆధార్ అనుకుంటారు.

సింహాచలం_పెద్దమ్మ
ఇన్ని మాటలెందుకు బాబూ. బెంగ అని ఒక మాటుంది కదా. చిన్నప్పుడు మా అమ్మ పురిటికి విజీనారం వెళ్తే నాను బెంగెట్టుకుని మూడ్రోజులు జొరంతో పడున్నాను. డాక్టరు మందులిచ్చినా తగ్గనేదు. అమ్మ వచ్చి నుదురు మీద చెయ్యేసింది, తగ్గిపోయింది. మీ లాటినోళ్ళు జబ్బులోంచి దిగులు తీసేరు. మాకు దిగుల్లోంచే జబ్బొచ్చీది.

పాత_నిఘంటువు
పెద్దమ్మగారూ, నేను రాసిన నాలుగు పోస్టులూ వెనక్కి తీసుకుంటున్నాను.

సీతమ్మధార_శాస్త్రి
నేను రెండు.

మధురవాడ_నాన్న
నిన్న సాయంత్రం బండి కడుగుతూ అడిగాను. ముందు ఏం లేదంది. చక్రం తుడిచేసరికి చెప్పింది. దాని స్నేహితురాల్ని జూన్‌లో వేరే సెక్షన్‌కి మార్చారట. ఎల్‌కేజీ నుంచి ఒకే బెంచి వాళ్ళిద్దరూ. ఇప్పుడు ఇంటర్వెల్ గంట కొడితే ఎవరి దగ్గరికెళ్ళాలో తెలీక బాత్‌రూమ్ దగ్గర నిలబడుతోందట. మాకు ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. మీరు చెప్పిన మాటే పెద్దమ్మా. బెంగ.

ఇవాళ స్కూలుకెళ్ళాను. టీచరమ్మ మంచావిడే. పిల్ల మళ్ళీ మళ్ళీ అలాంటివే రాస్తుందేమోనని భయపడి అలా రాశానంది. సెక్షన్ మార్చడం కుదరదట, కానీ లైబ్రరీ పీరియడ్ రెండు సెక్షన్లకీ కలిపి పెడతామన్నారు. మార్కులు మాత్రం ఆ 11 అలాగే ఉన్నాయి.

మా నాన్నగారు ఈ పోస్టులన్నీ చదివించుకుని విన్నారు. 'మార్బిడ్ అనాటమీ' దగ్గర కళ్ళజోడు తీసి "నేను చెప్పలా" అన్నారు.

చినవాల్తేరు_సిస్టర్
చాలా బావుంది. రెండు మూడు వారాలు చూస్తూ ఉండండి.

ఓడ_మావ
పాపకి చెప్పండి, టీచరు ఇటాలియన్‌లో రాసిందనుకోమని. 'మరీ మెత్తన!'

మధురవాడ_నాన్న
చెప్పాను మావా. నోటుపుస్తకం అట్ట మీద 'మోర్బిదా' అని రాసుకుంది, ఆడపిల్ల కాబట్టి చివర దీర్ఘమట. ఆదివారం ఇద్దరు పిల్లల్నీ, ఆ స్నేహితురాల్ని కూడా, భీమిలి తీసుకెళ్ళాను. వాళ్ళు రాళ్ళ మీద అక్షరాలు కూడబలుక్కుంటుంటే నేను గోడ పక్క నీడలో కూచున్నాను. నిజమే, సముద్రం వినిపిస్తుంది. కునుకు పట్టేసింది కూడా.

సింహాచలం_పెద్దమ్మ
అదంతా సరే. సమాధుల కాడ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునే ఇంట్లోకెళ్ళేరా, అది చెప్పండి ముందు.

మధురవాడ_నాన్న
మేం గేటు తీసేసరికే మా అమ్మ చెంబుతో నిలబడి ఉంది.